పన్నెండున్నరకి కళ్ళు తిరిగే మనిషి

మా తాతయ్యకి ఎండాకాలంలో రోజుకి మూడుసార్లు కళ్ళు తిరిగేవి. అందులో వింతేముంది, ఆ వయసులో కళ్ళు తిరక్క చక్రాలు తిరుగుతాయా అంటారేమో. వింత కళ్ళు తిరగడంలో లేదు, టైములో ఉంది. పదకొండూ నలభైకి బ్యాంకు మెట్ల మీద, పన్నెండున్నరకి మూతబడ్డ సినిమాహాలు వసారాలో, ఒకటీ ఇరవైకి నీళ్ళ ట్యాంకు కింద. ఒక్క నిమిషం అటు కాదు, ఇటు కాదు. ఇంట్లో గడియారం ఆగిపోయినవాళ్ళు తాతయ్య పడేదాకా ఆగి, అప్పుడు ముల్లు తిప్పుకునేవాళ్ళు.

తాతయ్య ముప్ఫై నాలుగేళ్ళు బస్సు డిపోలో కంట్రోలరుగా చేశాడు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు తిరిగి రావాలో చార్టు రాసి, విజిలు ఊది పంపడం ఆయన పని. ఆ ముప్ఫై నాలుగేళ్ళలో టైముకి వచ్చిన బస్సుని కళ్ళతో చూడలేదట. ఆ కడుపుమంటతోనేమో, రిటైరయ్యాక సూర్యుణ్ణి పట్టుకున్నాడు. "నా సర్వీసు మొత్తంలో లేటు కాని బండి ఇదొక్కటే" అని ఆకాశం వైపు చూపించి, సొంత తమ్ముణ్ణి మెచ్చుకున్నట్టు మెచ్చుకునేవాడు.

మెచ్చుకునేవాడే గాని ఎదురుపడేవాడు కాదు. పాత క్యాలెండరు కాగితాన్ని వెనక్కి తిప్పి వంటింటి తలుపుకి అంటించి, దాని మీద వీధి నీడల చార్టు రాశాడు. దర్జీ కొట్టు రేకు నీడ ఎన్నింటికి బయల్దేరుతుంది, బ్యాంకు గోడ పక్కన ఎన్ని నిమిషాలు హాల్టు, అక్కణ్ణించి సినిమాహాలుకి ఏ నీడ అందుతుంది, అన్నీ ఎర్ర సిరాతో. సూర్యుడు రోజూ కాస్త కాస్త జరుగుతాడు కాబట్టి పదిహేను రోజులకోసారి చార్టు మారేది. దానికోసం గేటు పక్కన మొక్క లేని మట్టికుండీలో చీపురుపుల్ల గుచ్చి, దాని నీడని స్కేలు పెట్టి కొలిచేవాడు.

"ఏమండీ, చీపురంతా సూర్యుడికే ధారపోస్తే ఇల్లు దేంతో ఊడవను?" అనేది అమ్మమ్మ.

"ఒక్క పుల్లేగా తీసుకుంది."

"రోజుకొక్కటి! మొన్న కొన్న చీపురు చూడండి. పిల్లి మీసాల్లా మూడు మిగిలాయి."

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఆ చార్టు తప్పడం మాత్రం ఎవరూ చూడలేదు. ఒకరోజు ఎదురింటి దర్జీ కొట్టు ముందు నిలబడి తాతయ్య, "నాయనా, ఆ కత్తెర జరుపుకో. ఎండ పడబోతోంది, చెయ్యి కాలుతుంది" అన్నాడు. దర్జీ పకపకా నవ్వాడు. తాతయ్య గడియారం చూసుకుంటూ పదంకెలు లెక్కపెట్టాడు. పదో అంకె నోట్లోంచి రావడం, రేకు సందులోంచి ఒక ఎండ చుక్క వచ్చి కత్తెర పిడి మీద కూర్చోవడం ఒక్కసారే జరిగాయి. దర్జీ ఆ రోజంతా ఆ కత్తెర ముట్టుకుంటే ఒట్టు.

ఇంటి నుంచి నీళ్ళ ట్యాంకు దాకా ఎవరైనా ఏడు నిమిషాల్లో నడుస్తారు. తాతయ్యకి రెండు గంటలు పట్టేది. నీడ దొరికినంత మేర నడవడం, నీడ అయిపోయిన చోట ఆగి తర్వాతి నీడ కోసం ఎదురుచూడడం. నీడ తప్పిపోతే, బస్సు తప్పిపోయినవాడిలా చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ చూసేవాడు. మిట్టమధ్యాహ్నం నీడలు చిక్కి శల్యమై గోడ పక్కన జానెడు మిగిలినప్పుడు, గోడకి వీపు ఆనించి, పొట్ట లోపలికి పీల్చి, పాదాలు పక్కకి జరుపుకుంటూ బల్లిలా పోయేవాడు. మెడ చుట్టూ తడి తువ్వాలు, భుజాన ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ సీసాలు రెండు, చంకలో మడిచిన గొడుగు.

"గొడుగు తెరుచుకుని హాయిగా రోడ్డు మధ్యన నడవొచ్చుగా నాన్నా?" అని మామయ్య తల కొట్టుకునేవాడు.

"గొడుగు రిజర్వు బండిరా. రిజర్వు బండిని రోజూ తిప్పితే అవసరానికి ఉంటుందా?"

ఇంత తంటాలు పడి వెళ్ళి తెచ్చేదేమిటయ్యా అంటే ఒకరోజు అగ్గిపెట్టె, ఒకరోజు చొక్కా గుండీ, ఒకరోజు ఏమీ లేదు. గుండీలు కుట్టే దర్జీ ఇంటికి ఎదురుగానే ఉన్నాడని ముందే చెప్పాను. భోజనానికి నాలుగింటికి చేరేవాడు. ఆ ఎండకి వండినది చల్లారదు కాబట్టి అమ్మమ్మ చేతిలో బతికిపోయేవాడు.

ఇదంతా ఒక ఎత్తు, కళ్ళు తిరగడం ఒక ఎత్తు.

ఒకరోజు అమ్మమ్మ ఉండబట్టలేక, చాటుగా వెనకే వెళ్ళింది. సినిమాహాలు టికెట్ల కిటికీ పక్కన నక్కి చూసింది. తాతయ్య వసారాలోకి వచ్చాడు. మెట్టు మీద దుమ్ము ఉఫ్ అని ఊదాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి, నాలుగు మూలలూ సరిచేసి పరిచాడు. గడియారం చూసుకున్నాడు. ఇంకా అర నిమిషం ఉంది కాబోలు, నిలబడి కాసేపు రోడ్డు వైపు చూశాడు. అప్పుడు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మో, కళ్ళు తిరుగుతున్నాయి" అని, రుమాలు నలక్కుండా దాని మీద కూలబడ్డాడు.

అదే క్షణంలో రోడ్డు మీద నీళ్ళ క్యాన్ల బండి తోసుకుపోతున్న మనిషి, బండి వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో పెద్దాయనా! మళ్ళీనా?" అంటూ పక్కన చతికిలబడి, అట్టముక్కతో విసరడం మొదలుపెట్టాడు. పావుగంట విసిరాడు. తాతయ్య ఒక కన్ను తెరిచి, "నువ్వు కూడా రెండు గుక్కలు తాగు నాయనా, నీకూ ఏమన్నా అయితే నన్నెవరు లేపుతారు?" అని ఒక సీసా అతని చేతిలో పెట్టాడు.

అమ్మమ్మ అక్కణ్ణించి నీళ్ళ ట్యాంకు దాకా వెంబడించింది. అక్కడ మేస్త్రీ కింద నలుగురు ఆడవాళ్ళు కాలిబాటకి రాళ్ళు పరుస్తున్నారు. ఒకటీ ఇరవైకి తాతయ్య పడ్డాడు. నలుగురూ తట్టలు దించి వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఇద్దరు విసిరారు, ఒకామె అరికాళ్ళు రాసింది, ఒకామె తడిగుడ్డ నుదుటి మీద వేసింది. మేస్త్రీ దూరంగా ఎండలో నిలబడి, వాచీ చూసుకుంటూ పళ్ళు నూరుకున్నాడు గాని పైకేమీ అనలేకపోయాడు.

అమ్మమ్మ ఇంటికొచ్చి చెంబు నేలకేసి కొట్టింది. "నలుగురు ఆడవాళ్ళు కూర్చుని విసురుతుంటే ఎవరికి తిరగవమ్మా కళ్ళు!" అంది. కోపం తగ్గాక జాలిపడింది. "డిపోలో రెండొందల మంది సలాములు కొట్టేవాళ్ళు. ఇప్పుడెవరూ పలకరించట్లేదని, పాపం, వీధిలో పడి పలకరింపులు అడుక్కుంటున్నాడు. పోనీలే" అనుకుంది. ఆమెకి తోచిన అర్థం అదే. ఎవరికీ చెప్పలేదు, తనలోనే దాచుకుంది.

దాచుకోలేకపోయినవాడు మామయ్య. ఆయన కరెంటాఫీసులో పనిచేస్తాడు. ఎండాకాలంలో కరెంటాఫీసు ఫోను ఎలా మోగుతుందో తెలిసిందేగా. ఆ ఫోన్ల మధ్యలో తాతయ్య పడ్డాడని ఫోన్లు.

"అమ్మా, నేను ఉద్యోగం మానేస్తా" అన్నాడు ఒకరోజు ఇంటికొచ్చి. "ఒకడు ఫోను చేసి కరెంటెప్పుడొస్తుందంటాడు. ఇంకొకడు చేసి మీ నాన్నెప్పుడు లేస్తాడంటాడు. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు!"

ఆ వారం ఎండ అలాంటిలాంటి ఎండ కాదు. కుళాయి తిప్పితే పొగలొచ్చే నీళ్ళు. తలుపు గడియ ముట్టుకుంటే వేలు చురుక్కుమనేది. వీధిలో కుక్క పగలంతా కాలవలోంచి తల ఎత్తలేదు. పదకొండు నుంచి నాలుగు దాకా ముసలివాళ్ళు, పిల్లలు గడప దాటొద్దని రేడియో గంటగంటకీ చెబుతోంది. మామయ్య రేడియో కట్టేసి తీర్పు చెప్పాడు.

"రేపట్నించి నువ్వు బయటికి వెళ్ళడానికి వీల్లేదు నాన్నా. ఇన్నాళ్ళూ పడ్డావు, లేచావు. ఈ ఎండకి పడితే లేవవు."

"రేడియో చెప్పింది అక్షరాలా నిజంరా. అందుకే వెళ్ళాలి."

"అందుకే ఏమిటి?"

తాతయ్య వంటింటి తలుపు మీది చార్టు వైపు చూశాడు. "పొద్దున్న వెళ్ళొద్దను, వెళ్ళను. సాయంత్రం వద్దను, వెళ్ళను. ఆ రెండు గంటలూ మాత్రం నాకొదిలెయ్యరా" అన్నాడు. యాభై ఏళ్ళ కాపురంలో ఆయన ఎవరినైనా బతిమాలడం అమ్మమ్మ చూడలేదు. డిపో మేనేజరుని కూడా బతిమాలలేదు.

మామయ్య వినలేదు. మర్నాడు పొద్దున్న గేటుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఆఫీసుకి పోయాడు.

తాతయ్య చార్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదకొండూ నలభైకి, "బ్యాంకు తప్పిపోయింది" అన్నాడు. పన్నెండున్నరకి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, "సినిమాహాలు తప్పిపోయింది" అన్నాడు. అమ్మమ్మ నీళ్ళిస్తే తాగలేదు. ఊరికి పోయే ఆఖరి బస్సు కళ్ళముందే కదిలిపోతుంటే సామానుతో నిలబడ్డవాడి మొహంలా ఉంది ఆయన మొహం.

"ఒక్కరోజు పడకపోతే ఏమవుతుందండీ? రేపు పొద్దున్నే ఇంట్లోనే పడుదురుగాని, నేనే విసురుతాను" అంది అమ్మమ్మ. నవ్వించాలని అంది. ఆయన నవ్వలేదు.

ఒంటిగంట కావస్తుండగా వీధిలో నీళ్ళ బండి గంట వినిపించింది. మా వీధికి ఆ బండి సాయంత్రంగాని రాదు. అమ్మమ్మ కిటికీలోంచి చూసింది. బండిమనిషి నడివీధిలో, నడినెత్తిన ఎండలో, బండి అడ్డంగా ఆపి నవ్వుతున్నాడు.

"పెద్దాయనా! ఇవాళ డ్యూటీ ఎక్కలేదేం?" అని కేకేసి, ఒక క్యాను ఎత్తి, లేని అరుగు మీద పెట్టబోయాడు. క్యాను గాలిలోంచి కిందపడి దొర్లుకుంటూ పోయింది. దాన్ని చూసి ఇంకా గట్టిగా నవ్వాడు.

"పట్టపగలు తాగేసినట్టున్నాడు, ఛీ" అంది అమ్మమ్మ.

తాతయ్య ఒక్క అంగలో కిటికీ దగ్గరికి వచ్చాడు. "మొహం చూడవే. చెమట ఉందా?"

అమ్మమ్మ చూసింది. ఆ మొహం కాల్చిన ఇటుకలా ఎర్రగా ఉంది. ఒక్క చెమట చుక్క లేదు.

"లేదండీ. పొడిగా ఉంది."

"తాగుడు కాదు. రేడియేటరు ఎండిపోయింది" అని తాతయ్య బయటికి పరిగెత్తాడు.

గేటుకి తాళం. గోడ మనిషెత్తు. రోజుకి మూడుసార్లు కళ్ళు తిరిగే డెబ్భై నాలుగేళ్ళ మనిషి ఏం చేస్తాడు? ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. కొలతల కుండీ బోర్లించి దాని మీద ఒక కాలు వేశాడు. గోడ మీద కూర్చున్న కాకి 'కా' అనబోయి, నోరు తెరిచింది తెరిచినట్టే ఉండగా, అవతల దిగాడు. అమ్మమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని చూస్తూ ఉండిపోయింది. గొడుగు లేదు, తువ్వాలు లేదు. ఎండకి ముప్ఫై నిమిషాల ముందే దారి తప్పుకునే మనిషి, నడివీధిలో నెత్తిన మంటతో నిలబడి, బండిమనిషి చంకల్లో చేతులు వేసి దర్జీ కొట్లోకి లాగుతున్నాడు.

"నువ్వు కాళ్ళు పట్టుకో నాయనా! ఫ్యాను ఇటు తిప్పు! చొక్కా విప్పు!"

"గ్లాసుతో నీళ్ళు పట్టనా?" అన్నాడు దర్జీ కంగారుగా.

"నోట్లో పొయ్యకు. తెలివి సరిగా లేనివాడికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒంటి మీద పొయ్యి, ఒంటి మీద!"

నీళ్ళెక్కడివి? కుళాయిలోవి సలసలా మరుగుతున్నాయి. కొట్టు బయట బండి నిండా క్యాన్లున్నాయి, ఒక్కటీ తెరవలేదు, అన్నిటికీ ఓనరు సీలు. అన్ని నీళ్ళు తోసుకుంటూ, ఒక్క గుక్క లేకుండా ఎండిపోయాడా మనిషి. తాతయ్య సీలు పళ్ళతో కొరికి పీకేసి, క్యాను ఎత్తి అతని మీద కుమ్మరించాడు. ఇంకోటి పీకాడు. దర్జీ ఎవరిదో కొత్త చొక్కా గుడ్డ తడిపి మెడ కింద పెట్టాడు.

ఇవతల అమ్మమ్మ దుప్పట్లు తడిపి గోడ మీంచి విసిరింది. తర్వాత ఫోను అందుకుంది.

"ఒరేయ్, డాక్టర్ని తీసుకురా. తాళంచెవి తీసుకురా. నీ తెలివి ఏమన్నా మిగిలుంటే అది కూడా పట్టుకురా!"

అంతటితో ఆగలేక, స్టూలు వేసుకుని తనూ గోడ ఎక్కింది. ఎక్కడం ఎక్కింది గాని దిగడం కుదరలేదు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేలాడేసి, గుర్రం మీద రాణిలా కూర్చుని, "ముంజేతుల మీద కూడా తడి గుడ్డ వెయ్యండీ! ఆ దర్జీని పక్కకి జరగమనండి, గాలికి అడ్డంగా ఉన్నాడు!" అని అక్కణ్ణించే ఆజ్ఞలు జారీ చేసింది.

పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలు గడిచాయి. దర్జీ కొట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పుడు తాతయ్య వంగి అతని నుదురు దగ్గరగా చూశాడు. వెంట్రుకల మొదట్లో ఆవగింజంత మెరుపు. తుడిచాడు. మళ్ళీ ఊరింది.

"చెమట! ఒసేయ్, చెమట పట్టింది!" అని గోడ వైపు తిరిగి అరిచాడు. చిన్నపిల్లాడికి వాన చినుకు కనిపిస్తే ఎలా ఎగురుతాడో అలా ఎగిరాడు. అమ్మమ్మ గోడ మీదే చప్పట్లు కొట్టింది. అంతలో మామయ్య స్కూటరు మీద డాక్టరుతో వచ్చి, కొట్లో తడిసిన మనిషినీ, గోడ మీద తల్లినీ, ఎండలో గంతులేసే తండ్రినీ చూసి, ఎటు ముందు వెళ్ళాలో తెలియక స్కూటరు మీదే ఉండిపోయాడు.

డాక్టరు సూది వేసి, ఆసుపత్రి బండికి కబురుపెట్టి, "మంచి పని చేశారు. ఇంకో పావుగంట ఎండలో ఉంటే నా అవసరం ఉండేది కాదు" అన్నాడు.

బండిమనిషి కళ్ళు తెరిచాడు. చుట్టూ చూసి, తాతయ్యని గుర్తుపట్టాడు.

"ఇవాళ మీరు పడలేదేం పెద్దాయనా?" అన్నాడు నీరసంగా. "సినిమాహాలు దగ్గర మెల్లగా తోశా, వస్తారేమోనని. రాలేదు. ఇంక దేనికని ఆగను?"

మామయ్యకి అర్థం కాలేదు. "ఈయన పడితే నువ్వు ఆగడమేమిటయ్యా?"

జవాబు వెనక నుంచి వచ్చింది. ఉత్తరాలిచ్చే పోస్టమ్మాయి సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా పదకొండూ నలభైకి బ్యాంకు మెట్ల దగ్గర చూసి, రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చిందట.

"మీకు తెలీదా సార్? మా పైవాళ్ళు ఫోనులోనే చూస్తుంటారు, ఎక్కడ ఎంతసేపు ఆగామో. అయిదు నిమిషాలు కదలకపోతే ఫోను మోగుతుంది, ఏం చేస్తున్నావని. ఎండగా ఉందండీ, కూర్చున్నా అంటే ఊరుకుంటారా? అదే, పెద్దాయన ఒకరు పడిపోయారు, గాలి విసురుతున్నా అంటే ఎవరూ నోరెత్తరు. ఎత్తితే పాపం చుట్టుకుంటుందని వాళ్ళకీ భయమేగా!"

"అంటే నాన్న కావాలని... మీకందరికీ తెలుసా?"

"రోజూ కళ్ళు తిరిగే మనిషి ముందు రుమాలు పరుచుకుంటాడా సార్?" అంది పోస్టమ్మాయి. పడుకున్న బండిమనిషి కూడా నవ్వాడు. "మొదటిరోజే తెలిసిపోయింది. కానీ ఆయన అంత కష్టపడి పడుతుంటే, పట్టుకోకపోతే ఏం బాగుంటుంది?"

అమ్మమ్మని ఎవరో గోడ దించారు. ఆమె తాతయ్య వైపు ఒకలా చూసింది. కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు, పైనుంచి కింది దాకా చూసింది.

సాయంత్రం డాక్టరు తాతయ్య నాడి కూడా పట్టుకుని చూశాడు. "ఈ గుండెని నాకిస్తానంటే నా గుండె ఇచ్చేసి, పైన స్కూటరు కూడా ఇస్తా" అని వెళ్ళిపోయాడు.

"మాకెందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు మామయ్య. తల వంచుకునే అడిగాడు.

"నీకు చెబితే మైకుకి చెప్పినట్టే. ఆఫీసులో చెబుతావు, మేస్త్రీ చెవిన పడుతుంది, మొత్తం ట్రిప్పు రద్దు." తాతయ్య అరికాళ్ళకి వెన్న రాసుకుంటున్నాడు. ఉత్త కాళ్ళతో ఎండలోకి దూకినందుకు రెండూ బొబ్బలెక్కాయి. "డిపోలో చూశానురా. ఎండకి డ్రైవరు సొమ్మసిల్లేలా ఉన్నాడు, పది నిమిషాలు బస్సు ఆపుదామని నేను పైకి రాస్తే, ఎవడూ ఒప్పుకునేవాడు కాదు. ప్రయాణికులే ఒప్పుకునేవాళ్ళు కాదు. అదే బస్సుకి పంక్చరయిందనుకో. అందరూ దిగి నీడలో నిలబడతారు, డ్రైవరు కూడా కూర్చుంటాడు, ఎవరూ ఎవరినీ తిట్టరు. కాబట్టి ఎవరో ఒకరు పంక్చరవ్వాలి. నాకు వేరే పనేముంది? నేనయ్యాను."

తాతయ్య వెన్న గిన్నె పక్కకి జరిపాడు. "ఇంక చెల్లదులే. నేను గోడ దూకడం వీధి వీధంతా చూసింది. రేపు ట్యాంకు కింద పడితే మేస్త్రీ నవ్వుతాడు. రేపు ఎండేమో ఇవాళ్టికంటే ఎక్కువట. రాళ్ళు పరిచే ఆ నలుగురూ..."

అమ్మమ్మ తడి దుప్పట్లు పిండి ఆరేస్తోంది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఎన్నింటికి?"

"ఏమిటి ఎన్నింటికి?"

"నీళ్ళ ట్యాంకు కింద. ఎన్నింటికి పడాలి?"

"నువ్వా?"

"మీరు పడేది పడటమేనా? రుమాలు పరుచుకోవడం, ఊదుకోవడం! పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంటారు. పడటమంటే ఏమిటో రేపు చూపిస్తా. స్తంభం వెనక నిలబడి నేర్చుకోండి."

మర్నాడు అమ్మమ్మ గొడుగు తెరుచుకునే వెళ్ళింది. తాతయ్య స్తంభం వెనక నిలబడ్డాడు. ఒకటీ పద్దెనిమిదికి అమ్మమ్మ ట్యాంకు నీడలోకి రెండడుగులు వేసింది. చేతిలో బుట్ట ఒకవైపు ఎగిరింది, అందులో కూరగాయలు నాలుగు వైపులా దొర్లాయి, గొడుగు ఇంకోవైపు బొంగరంలా తిరుగుతూ పోయింది, "ఒరే నాయనో!" అన్న కేక పైన ట్యాంకులో ప్రతిధ్వనించింది. ఆమె పడిన తీరుకి స్తంభం వెనక తాతయ్యే నిజమనుకుని రెండడుగులు ముందుకేశాడు.

రాళ్ళు పరిచే ఆడవాళ్ళు పరిగెత్తారు. వాళ్ళకంటే ముందు మేస్త్రీ పరిగెత్తాడు. ఎండలో నిలబడి వాచీ చూసుకునే ఆ మనిషి, టోపీ తీసి దాంతోనే విసరడం మొదలుపెట్టాడు. "మా అమ్మ ఈడు మనిషండీ! చూస్తారేంటి, కూర్చోండి, కాళ్ళు రాయండి! నువ్వు నీళ్ళు తే! పని సంగతి తర్వాత!" ఆడవాళ్ళలో ఒకామె నవ్వాపుకోలేక తట్టలో తల దూర్చింది.

తాతయ్య వచ్చి పక్కన కూర్చుని, వంగి చెవిలో, "రెండు నిమిషాలు ముందు పడ్డావే" అన్నాడు.

"మీ గడియారం సరిచేయించుకోండి" అంది అమ్మమ్మ కళ్ళు మూసుకునే.

పది నిమిషాలు విసిరాక మేస్త్రీకి చెయ్యి లాగింది. కూర్చున్నాడు. అమ్మమ్మ సీసా అందిస్తే తాగాడు. సగం సీసా తాగేశాడు. తల తుడుచుకుని, ట్యాంకు అంచున ఆగిపోయిన ఎండ గీత వైపు చూశాడు. "ఎండ మరీ ఎక్కువేనమ్మా" అన్నాడు చివరికి, ఆ సంగతి ఆ రోజే తెలిసినట్టు.

తాతయ్య ఆ రాత్రే కొత్త చార్టు రాశాడు. ఒకటీ ఇరవై అమ్మమ్మది. బ్యాంకు మెట్లు దర్జీకి. పన్నెండున్నర, సినిమాహాలు, మామయ్యకి. ఆయన ఆఫీసు భోజనాల టైము అదే. బండిమనిషి కోలుకునేదాకా అతని తమ్ముడు బండి తోశాడు, మామయ్య అతని ముందు పడ్డాడు. పడటం మామయ్యకి బొత్తిగా చేతకాదు, ప్రతిసారీ "ఎక్స్‌క్యూజ్ మీ" అని పడేవాడు. అయినా అవతలివాడు కూర్చున్నాడా లేదా, అదీ లెక్క. తాతయ్య మాత్రం విజిలు మెడలో వేసుకుని నీడల్లో తిరుగుతూ, ఎవరు టైముకి పడ్డారో ఎవరు లేటో టిక్కులు పెట్టుకునేవాడు.

ఒకరోజు ఇంటికి ఎవరో చుట్టాలొస్తే అమ్మమ్మకి ఆలస్యమైంది. ఒకటిన్నరకి ఆదరాబాదరా ట్యాంకు దగ్గరికి చేరింది. నీడలో అప్పటికే గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. చల్లటి నీళ్ళ కుండ ఒకటి, దాని మీద బోర్లించిన గ్లాసు. నలుగురు ఆడవాళ్ళూ కాళ్ళు చాపుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మేస్త్రీ మాత్రం నీడ చివర నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తున్నాడు.

"ఏంటమ్మా ఇంత ఆలస్యం?" అన్నాడు గొడుగు అందుకుంటూ. "మీరు పడలేదని మేం ఇంకా నీళ్ళు కూడా ముట్టలేదు. రండి, రండి, త్వరగా పడండి."